మల్లన్నకు వేసిన ముడి

రేపల్లె బండి తెనాలి చేరేలోపు ప్రకాశం మూడుసార్లు లేచి నిలబడ్డాడు, మూడుసార్లు కూర్చున్నాడు. ఒళ్లో రేకుపెట్టె, అందులో కలం, కుంచె, సిరాబుడ్డి. పంతొమ్మిది వందల డెబ్బయి రెండు వచ్చేసరికి తెనాలిలోని బొమ్మల పుస్తకాల ప్రెస్సులో అతనికి పదకొండేళ్లు నిండాయి. మెరుపు మల్లన్నను పుట్టించినవాడు అతనే. మల్లన్న పిడికిలి బిగిస్తే ఓడ ఆగిపోవాల్సిందే! రేపల్లె నుంచి బాపట్ల దాకా బడిపిల్లలు ఆ పుస్తకం కోసం కొట్టుకుచచ్చేవారు.

అలాంటి మల్లన్నను ఇప్పుడు మరో నలుగురు వీరులతో కలిపి ఒకే పుస్తకంలో వేస్తున్నారు. అట్ట మీద అందరికంటే పెద్ద బొమ్మ అతనిదే. లోపల మాత్రం మూడో పేజీలోనే శత్రువులు అతన్ని ఓడ స్తంభానికి కట్టేస్తారు. మిగతా నలుగురూ యుద్ధమంతా చేసి, ఆఖరి పేజీలో వచ్చి విడిపిస్తారు. ఇదెక్కడి న్యాయం?

"పదిమందిని ఒక్కడే కొట్టేవాడండి. తాడుకి లొంగాడంటే పిల్లలు నవ్వరా అండి?" అన్నాడు ప్రకాశం ప్రెస్సులో అడుగుపెడుతూనే.

ప్రెస్సు యజమాని బసవేశ్వరరావు కళ్లజోడు తీశాడు. "వాడు లొంగకపోతే కథ నాలుగో పేజీకే అయిపోద్దయ్యా! మిగతావాళ్లు గోళ్లు గిల్లుకుంటా కూర్చోవాలా ఏంటి? సాయంత్రానికి బొమ్మ కావాలి. నీవల్ల కాదంటే చెప్పు, బాపట్ల నుంచి ఇంకొకణ్ణి పిలిపిస్తా."

ప్రకాశం బయటికి నడిచాడు. టీ తాగొచ్చాడు. కిటికీ దగ్గర నిలబడ్డాడు. మళ్లీ టీ తాగొచ్చాడు. పొద్దుటి నుంచీ ఎడమచెయ్యి లాగుతూనే ఉంది. పెంచిన చేత్తోనే వాణ్ణి కట్టెయ్యడమా? ఇంకొకడు కడితే ఇంకా ఘోరం, నోట్లో గుడ్డలు కూడా కుక్కుతాడు వెధవ!

కాగితం కట్టలకు చుట్టి వచ్చిన తాడు ముక్కొకటి గుమ్మం దగ్గర కనబడింది. ప్రకాశం తండ్రి రేవులో పడవ నడిపినవాడు. పడవను గట్టున కట్టే ముడి కొడుక్కి ఆరేళ్లకే నేర్పాడు. పడవ ఎంత గుంజితే అంత బిగుస్తుంది, కొస పట్టుకుని లాగితే మాత్రం ఇట్టే ఊడిపోతుంది. ఆ ముడి కుర్చీ కాలికి వేసి, చూస్తూ గీశాడు. తాడు కొసను సరిగ్గా మల్లన్న వేళ్లకు అందేటట్టు పెట్టాడు. కావాలంటే ఏ క్షణమైనా విడిపించుకోగలడు. ఆ నలుగురికీ చోటివ్వడానికే ఓపికపట్టి నిలబడ్డాడు. ప్రకాశానికి ఆ రోజు మొదటిసారి ఊపిరాడింది.

"భేషుగ్గా కట్టావయ్యా! ఎవడూ విప్పలేడు," అన్నాడు బసవేశ్వరరావు బొమ్మ చూసి.

"అవునండి," అన్నాడు ప్రకాశం నవ్వాపుకుంటూ.

సాయంత్రం బండి రేపల్లెలో ఆగాక అందరూ దిగిపోయారు. కిటికీ పక్కన ప్రకాశం మాత్రం రేకుపెట్టె ఒళ్లో పెట్టుకుని అలాగే ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నారు.

మర్నాడు ప్రకాశం బండిలోనే పోయాడని బసవేశ్వరరావుకు కబురొచ్చింది. తర్వాత వెళ్లి ప్రకాశం కుర్చీలో కూర్చోబోతే కాలికి తాడు తగిలింది. పీకాడు, బిగుసుకుంది. మళ్లీ పీకాడు, ఇంకా బిగుసుకుంది. విసుగొచ్చి కొస లాగాడు. ఒక్క లాగుకు ఊడి చేతిలోకొచ్చింది.

బల్ల మీద మూడో పేజీ ఇంకా అచ్చు బ్లాకు తయారీకి వెళ్లలేదు. మల్లన్న వేళ్ల దగ్గర అదే కొస. ఆయన ఆ బొమ్మ చూస్తూ ముడి మళ్లీ వెయ్యబోయాడు, రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. తాడు కుర్చీ కాలి దగ్గర ఊరికే పడి ఉంది.