ఇంటికి తిరిగొచ్చిన మాటలు

పొద్దున్నే ఆ ఇంట్లో ముందుగా వినిపించేది పుక్కిలింతల చప్పుడు. అక్క పెరటి పంపు దగ్గర, చెల్లి వంటింటి సింకు దగ్గర ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు గొంతులో గలగలలాడిస్తూ నిలబడేవాళ్లు. ఇద్దరిదీ గొంతును నమ్ముకున్న బతుకు. పరభాషా సినిమాల్లో బొమ్మలు పెదాలు కదిపితే, ఆ కదలికకు సరిపడా మన మాటలు పలకడం వాళ్ల పని. ఈ కచేరీ ముగిస్తేగాని బావకు కాఫీ దొరికేది కాదు. బావంటే అక్క మొగుడు, సందు చివర కళ్లజోళ్ల షాపాయన. "రెండు గొంతుల మధ్య పడ్డవాడికి మూడో గొంతెందుకులే" అని, ఇంట్లో ఉన్నంతసేపూ సైగలతోనే నెట్టుకొచ్చేవాడు.

అక్కను ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు. కెప్టెన్ అంటారు. కొత్త గ్రహం వెతుక్కుంటూ ఆకాశంలో దారి తప్పిన ఒక నౌక, అందులో బోలెడు జనం, వాళ్లను నడిపించే ఒక ఆడ కెప్టెన్. మూడు భాగాల సినిమా అది. మొదటి రెండు భాగాల్లో ఆ కెప్టెన్ గొంతు అక్కదే. "తలుపులు మూయండి. వెనక్కి చూసేవాళ్లు నాకు అక్కర్లేదు" అని అక్క అన్న తీరుకు హాలు హాలంతా లేచి ఈలలు వేసింది. తర్వాత బస్సు కండక్టర్లు కూడా తలుపు వేస్తూ అదే మాట అనేవాళ్లు.

మూడో భాగం దగ్గరకొచ్చేసరికి డబ్బింగ్ మాస్టారు ఇంటికొచ్చాడు. ఎప్పుడూ సరాసరి లోపలికొచ్చి కుర్చీలో కూలబడే మనిషి, ఆ రోజు చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. అక్కకు అప్పుడే తేడా కొట్టింది.

"ఈసారి కెప్టెన్ కాలం మడతలో పడి పాతికేళ్ల పిల్లయిపోతుందమ్మా. కాస్త లేత గొంతు కావాలంటున్నారు పైవాళ్లు."

"నా గొంతు లేతగా పలకదా మాస్టారూ?"

"ఎందుకు పలకదు? పలుకుతుంది, పలుకుతుంది..." మాస్టారి చూపు అక్క భుజం మీంచి జారి, లోపల మంచం మీద బట్టలు మడతపెడుతున్న చెల్లి మీద వాలింది.

"ఓ, మంచిదేగా! పని బయటికి పోలేదు, ఇంట్లోనే ఉంది" అంది అక్క. నవ్వుతూనే అంది. అంటుండగానే కడుపులో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది.

అమ్మ పోయాక చెల్లిని పెంచింది అక్కే. జడలు వేసింది, జ్వరాలొస్తే ఒళ్లో పడుకోబెట్టుకుంది. తెర మీద పెదాలను ఎలా పట్టుకోవాలో, మాట మధ్యలో ఊపిరి ఎక్కడ దాచుకోవాలో నేర్పింది కూడా అక్కే. నేర్పేటప్పుడు ఇలాంటి రోజొకటి వస్తుందని తోచనే లేదు.

రికార్డింగు జరిగినన్నాళ్లూ చెల్లి కాగితాలు పట్టుకుని వచ్చి పక్కన కూర్చునేది. "అక్కా, ఈ డైలాగు నువ్వయితే ఎలా అంటావే?" అక్క అని చూపించేది. చూపించకపోతే కుళ్లుబోతనుకుంటారని చూపించేది. చెల్లి దాన్ని విరుపుతో సహా, ఊపిరితో సహా అచ్చు దించేసేది. వింటుంటే, తన పట్టుచీర ఇంకెవరో కట్టుకుని తన కళ్ల ముందే అటూ ఇటూ తిరుగుతున్నట్టుండేది అక్కకు.

సినిమా విడుదలైంది. తెల్లవారకముందే హాళ్ల ముందు జనం బారులు తీరారు. నౌక ఎప్పుడు నేలకు దిగుతుందా, ఆ కొత్త గ్రహం ఎలా ఉంటుందా అని ఏళ్ల తరబడి కాచుక్కూర్చున్నారు మరి. తీరా చివర్లో తేలిందేమిటంటే, ఆ నౌక అసలు నేల వదిలి లేవనే లేదు. అదంతా ఒక పెద్ద షెడ్డులో మనుషుల మీద జరిగిన పరీక్షట.

"ఇన్నేళ్లు తిప్పీ తిప్పీ ఎక్కిన చోటే దింపాడ్రా వీడు!" అంటూ జనం బయటికొచ్చారు. పెళ్లికి ముందు మొదటి భాగం, పెళ్లయ్యాక రెండో భాగం చూసిన దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక మెట్ల మీద కూలబడ్డారు. కథను తిట్టీ తిట్టీ అలిసిపోయాక గొంతు మీద పడ్డారు. "అసలు కెప్టెన్ గొంతు మార్చినప్పుడే సినిమా పోయింది" అన్నారు.

సాయంత్రానికి డైలాగులు ఇంటికి రావడం మొదలైంది.

మైకులో పలికిన మాటను విన్నవాళ్లు, హాలంత మందైనా గదిలో ఇద్దరే అయినా, నమ్మకపోతే, ఆ మాట పొద్దుగూకేలోగా పలికినవాళ్ల ఇల్లు చేరుతుంది. అది అందరికీ తెలిసిందే. ఎన్నికలొచ్చాయంటే నాయకుల ఇళ్లకు కిటికీలు బిగించే వడ్రంగులకు తిండి తినే తీరిక ఉండదు. సినిమా మాటలయితే, తెర మీద బొమ్మ ఎవరిదైనా గొంతు ఎవరిదో ఆ ఇంటికే వస్తాయి.

మొదట "ఇంజిన్లు ఆపండి" వచ్చింది, వెంటిలేటర్లోంచి దూరి బియ్యం డబ్బాలో పడింది. దాని వెనకే గుంపులు గుంపులుగా మిగతావి. తలగడ కింద, చెంబులో, బావ బూటులో ఎక్కడ చోటుంటే అక్కడ. అక్క పాలగిన్నె మూత తీస్తే "శత్రువు మన మధ్యనే ఉన్నాడు" అని చెల్లి గొంతు పలికింది.

పక్కింటి టీచరమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "మీవే అనుకుంటానమ్మా, మా బట్టల తీగ మీద రెండు వాలాయి. తీసుకుపోండి, పిల్లలు చదువుకోవాలి."

చెల్లి వెళ్లి తెచ్చుకుంది. ఒక్కొక్కటే ఏరి పాత దిండుగలీబులో కుక్కింది. అది నిండాక ఇంకోటి. ఏడవలేదు. అంతా అయ్యాక అంది, "నేనింక మైకు ముందుకు పోనక్కా. రేపట్నుంచి బావ షాపులో కూర్చుంటా." షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే యంత్రం ఉంది. అది తిరుగుతుంటే పక్కవాళ్ల మాట పక్కవాళ్లకు వినపడదు. చెల్లికి అదే కావాల్సింది.

"పోనీలేవే, అందరికీ అన్నీ రావుగా" అని వీపు నిమిరింది అక్క. ఇన్నేళ్లలో తన మాట ఒక్కటీ వెనక్కి రాలేదన్న సంగతి ఆ నిమరడంలోనే ఉంది. చెల్లికీ అర్థమైంది.

మధ్యాహ్నాలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు అక్క ఆ దిండుగలీబు మూతి విప్పేది. ఒక్కో డైలాగునూ చెవి దగ్గర పెట్టుకుని వినేది. ఇక్కడ తేలిపోయింది. ఇక్కడ పట్టు జారింది. ఇది నేనయితేనా! వింటున్నకొద్దీ కడుపు చల్లబడేది. అలా వింటూ వింటూ ఒకరోజు ఆగిపోయింది. ఒకటి తక్కువుంది.

నౌకలో అందరూ నిద్రపోతుంటే కెప్టెన్ ఒంటరిగా రేడియో తిప్పి అనే మాట అది. "ఎవరైనా ఉన్నారా? ఎవరైనా ఫరవాలేదు." కాగితంలో ఒక మూల ఉంది. ఇంత చిన్నదానికి అక్కనెందుకు విసిగించడమని చెల్లి అదొక్కటీ అడగలేదు. అక్క ఇల్లంతా గాలించింది. పొయ్యి కింద చూసింది, అటక మీద చూసింది, బూట్లు దులిపింది. లేదు.

మర్నాడు కూరగాయలకు వెళితే కొట్లో మనిషి లేడు. ముందు నిలబడ్డావిడ లోపలికి తొంగిచూసి, "ఎవరైనా ఉన్నారా? ఎవరైనా ఫరవాలేదు!" అంది నవ్వుతూ. బ్యాంకులో కూడా ఎవరో అదే అన్నారు. ఆసుపత్రి వరండాలో ఒక ముసలాయన మూసి ఉన్న కిటికీ ముందు నిలబడి అదే మాట నవ్వకుండా అన్నాడు. సినిమాను ఉమ్మేసిన జనం ఆ ఒక్క మాటను మాత్రం తమ దగ్గరే ఉంచేసుకున్నారు. అక్క చేతిసంచి పట్టుకుని అక్కణ్నుంచే హాలుకు నడిచింది.

హాల్లో పట్టుమని పదిమంది లేరు. ముందు వరసలో ఒకడు మొదట్నుంచీ తెరను తిడుతూనే ఉన్నాడు. ఆ మాట రాగానే నోరు మూసుకున్నాడు. అక్క కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఆ మాటలో తను లేదు. తను నేర్పిన విరుపు లేదు, దాచుకున్న ఊపిరి లేదు. అద్దె గదిలో ఒంటరి పిల్ల, ఎవరైనా తలుపు తడితే బాగుండునని చూస్తున్నట్టుంది. ఇలా అనొచ్చని ఇన్నేళ్లలో అక్కకు తట్టలేదు. నౌక నేల మీదే ఉందని తేలకముందే లేచి వచ్చేసింది.

"ఎక్కడికెళ్లావక్కా, ఇంతసేపు?"

"దర్జీ దగ్గరికి."

ఆ తర్వాత అక్క కూడా రోజూ షాపులో కూర్చోవడం మొదలుపెట్టింది. కళ్లజోడు కోసం వచ్చినవాళ్లు కౌంటరు ఖాళీగా ఉంటే ఆ మాటే అనేవాళ్లు. అక్క వెంటనే "రండి రండి, ఈ ఫ్రేము మీ ముక్కుకే పుట్టింది!" అని గొంతు చించుకునేది. వెనక గదిలో యంత్రం ఆగితే, "ఏమే, ఆపావేం?" అని కేకేసేది. బావ విచిత్రంగా చూశాడు గాని సైగ కూడా చేయలేదు.

కొన్నాళ్లకు మాస్టారు మళ్లీ వచ్చాడు. ఈసారి చెప్పులు విప్పి, లోపలికొచ్చి కూర్చున్నాడు.

"కథ మార్చడం మన చేతిలో లేదు. గొంతయినా మార్చమంటున్నారు. మళ్లీ విడుదల చేస్తారట. మొత్తం నువ్వే చెప్పాలమ్మా కెప్టెన్."

"ఎప్పుడు రమ్మంటారు?" అంది అక్క.

చెల్లి లోపల్నుంచి వచ్చింది. గోళ్ల సందుల్లో అద్దాల పొడి. "వెళ్లక్కా. అది మొదట్నుంచీ నీదేగా" అంది. మనసులో ఏమీ పెట్టుకోకుండా అంది. అదే అక్కకు ఎక్కువ గుచ్చుకుంది.

రికార్డింగు గదిలో అక్క రెచ్చిపోయింది. ఒక్కో డైలాగునూ కొరికి వదిలింది. ఆ చిన్నమాట దగ్గరికొచ్చేసరికి బండి మొరాయించింది. మెల్లగా అంది. వణుకుతూ అంది. హుందాగా అంది. చివరికి చెల్లి అన్నట్టే అనబోయింది, అది మరీ అధ్వాన్నంగా వచ్చింది. మాస్టారు గడియారం చూసుకుని, "ఓకే అమ్మా, భేషుగ్గా ఉంది" అన్నాడు.

అక్క ఇంటికొచ్చేసరికి పెరట్లో చెల్లి చేతులు కడుక్కుంటోంది. గోడ మీంచి ఒకటి వచ్చి పంపు పక్కనున్న బక్కెట్టులో పడింది. దాని వెనకే ఇంకోటి, ఇంకోటి.

"ఎవరైనా ఉన్నారా? ఎవరైనా ఫరవాలేదు."

చెల్లి వంగి విన్నది. "అక్కా, ఇవి నీ గొంతు."

అక్క పంపు కట్టేసింది.

"ఇది రేడియో దగ్గర డైలాగు కదూ? నాది..." చెల్లి ఆగింది. తడి చేతులతోనే లోపలికి పరిగెత్తింది. దిండుగలీబులు నేల మీద గుమ్మరించిన చప్పుడు, ఇల్లంతా ఆమె గొంతే పొర్లిన చప్పుడు. చాలాసేపటికి గుమ్మంలోకి వచ్చింది. "నాది లేదు. నాది రాలేదు."

"రాలేదు" అంది అక్క. "ఊరంతా అదే అంటోంది."

"నీకు ముందే తెలుసా?"

బక్కెట్టులో ఆఖరిది, వణికిన గొంతుది, ఇంకా గొణుగుతోంది. అక్క దాని మీద పళ్లెం బోర్లించింది.

"అందుకేనా షాపులో ఆ అరుపులు?" చెల్లి కళ్లలో ఇప్పుడు నీళ్లొచ్చాయి. "నాకిదొక్కటే మిగిలింది గదే. ఇది కూడా ఓర్వలేకపోయావా?"

"ఓర్వలేకపోయాను."

చెల్లి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ఆ రోజు నుంచి మాటలు బంద్. బావ మధ్యలో కూర్చుని సైగలు అటూ ఇటూ అందించాడు.

అక్క మాస్టారి దగ్గరికెళ్లింది. "కాలం మడత దాకా నా గొంతు ఉంచండి. ఆ తర్వాత దానిది. దానివన్నీ మొదట్నుంచీ కొత్తగా చెప్పించండి, ఈసారి నన్ను అడక్కుండా."

"అదొస్తుందా?"

"మీరే వెళ్లి పిలవండి. నేను పిలిస్తే రాదు."

చెల్లి వచ్చింది, అక్క వైపు చూడకుండా మైకు ముందుకెళ్లింది. అక్క ఈవల గదిలో మాస్టారి పక్కన కూర్చుంది. ఏ మాట ఇంటికొచ్చేస్తుందో వినగానే చెప్పగలదని మాస్టారే కూర్చోబెట్టాడు. లోపలివాళ్లతో మాట్లాడటానికి ఇక్కడా ఒక మైకుంది, మీట నొక్కితే వినిపిస్తుంది.

ఆఖరి సీను. షెడ్డు తలుపు తెరుచుకుంటుంది. బయట మామూలు ఎండ, మామూలు రోడ్డు. కెప్టెన్ తన జనానికేసి తిరిగి నాలుగు మాటలు చెప్పాలి. ఊరంతా తిట్టింది ఈ నాలుగు మాటలనే. చెల్లి గొంతు సవరించుకుని అందుకుంది, విరుపు, పట్టు, దాచుకున్న ఊపిరి.

అక్క మీట నొక్కింది. "అది నాది. ఇంటికొచ్చేస్తుంది. నీది చెప్పు."

గాజుకు అవతల చెల్లి మొహం జేవురించింది. మైకును మింగేసేలా చూసింది. కాగితం పక్కన పడేసింది. పడేసి చెప్పింది. మోసపోయిన మనిషి తోటి మోసపోయినవాళ్లకు చెప్పినట్టు, కోపంగా, అలసటగా, "పదండి, ఇంక నడుద్దాం" అని చెప్పింది. సౌండు చూసే కుర్రాడు కుర్చీలో ముందుకు వంగాడు. అక్క కడుపులో మంట ఒక్కసారిగా గొంతుదాకా ఎగబాకింది. ఈ పిల్ల తనను దాటిపోయింది. ఇంక అందదు.

మాస్టారు అక్క వైపు తిరిగాడు. "ఏమంటావు?"

ఇంకోసారి అనిపించొచ్చు. నాలుగుసార్లు అనిపిస్తే ఎంత మంచి మాటైనా చచ్చిపోతుంది. ఎవరికీ తెలియదు. గాజు అవతల చెల్లి, అన్నాళ్ల తర్వాత, అక్క మొహం కేసే చూస్తోంది. అక్క మీట మీద వేలు పెట్టింది. నొక్కింది.

"బాగుంది" అంది. ముక్క ఎక్కువ లేకుండా.

సినిమా మళ్లీ విడుదలయ్యాక కూడా, మొదటి రెండింటి ముందు ఇది దిగదుడుపే అన్నారు జనం. కానీ దాని మాటలు ఒక్కటీ ఇళ్లకు రాలేదు. అది తర్వాతి సంగతి. ఆ సాయంత్రం మాత్రం అక్క ఇంటికొచ్చి, కిటికీలన్నీ తెరిచి, గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. తన "బాగుంది" ఏ క్షణాన వచ్చి ఒళ్లో పడుతుందో అని చూసింది. టీచరమ్మ పిల్లల్ని లోపలికి పిలిచింది. వీధి దీపాలు వెలిగాయి. పొద్దు పూర్తిగా గూకింది. రాలేదు. చెల్లి దాన్ని ఉంచేసుకుంది.

మర్నాడు బావ షాపు తలుపుకు అట్టముక్క కట్టాడు, అద్దాలు అరగదీయడానికి మనిషి కావలెను అని.