బయ్యన్న మెచ్చిన ఉపన్యాసం

గ్రామసభలో సరళ మాట్లాడి కూర్చోగానే బడి ఆవరణ చప్పట్లతో దద్దరిల్లింది. ఊరి గొర్రెలకు మిగిలిన ఒకే ఒక్క మేత బీడును సోలార్ కంపెనీకి కౌలుకిద్దామా వద్దా అన్నది టీలు తాగాక చేతులెత్తి తేల్చాలి. బీడు పోతే సరళ మందను అమ్ముకోవాల్సిందే. అందుకే ఆ ఉపన్యాసాన్ని అద్దం ముందు నిలబడి మరీ నేర్చుకుంది.

టీ గ్లాసు పట్టుకుని, ఎలా ఉందని అందరినీ అడిగింది.

"సూపర్ అక్కా!"

"టీవీలో మాట్లాడినట్టే మాట్లాడినావు పో!"

సరళకు కడుపు నిండిపోయింది. అంతలో బయ్యన్న ఎదురొచ్చాడు. కంపెనీ తరఫున ఇల్లిల్లూ తిరిగి జనాన్ని ఒప్పించింది ఈ మహానుభావుడే.

"బలే మాట్లాడినావు తల్లీ! మనూర్లో ఇట్లా మాట్లాడేటోళ్లే లేరు" అని నోరారా మెచ్చుకున్నాడు.

సరళ టీ గ్లాసును పెదాల దగ్గరే ఆపేసింది. ఒళ్లు మండాల్సిన మనిషి ఇంత చల్లగా నవ్వుతాడేమిటి?

గబగబా పోయి మేనత్త మారెక్క పక్కన కూలబడింది. "అత్తా, బాగుండాదా లేదా అని కాదు. నేనేం చెప్పినానో చెప్పు."

మారెక్క తల గోక్కుంది. "ఏందో పర్యావరణమంటివి, సుస్థిరాభివృద్ధి అంటివి. బీడు ఇస్తే అభివృద్ధి వస్తాదనే గదా? కంపెనీకే చెయ్యెత్తుదామనుకుంటిమి."

"అయ్యో నా రాత! వద్దని గదా నేను చెప్పింది!"

"యాడ చెప్పినావే? అందరూ చప్పట్లు కొడితే నేనూ కొట్టినా."

సరళ దిగ్గున లేచింది. అప్పటికే కార్యదర్శి జనాన్ని కూర్చోబెడుతున్నాడు. మైకు అడిగితే "నీ వంతు అయిపాయె గదమ్మా" అన్నాడు. మైకు లేకపోతే పీడా పోయిందనుకుని, ఉన్నచోటే నిలబడి గొంతు చించుకుంది.

"అత్తా! బీడు చుట్టూ కంపెనీవాళ్లు కంచె వేస్తే నీ మందను యాడికి తోలుకుపోతావు?"

మారెక్క తన వెనక కూర్చున్న ఈరప్ప వైపు తిరిగింది.

"ఈరప్ప మామా, నువ్వు?"

"యాడికంటే... ఇంగ యాడుండాదమ్మా మనకు?"

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, అంతే. ఈసారీ చెడగొట్టానా దేవుడా అనుకుంది సరళ.

"కౌలుకియ్యాలనేవాళ్లు?" అన్నాడు కార్యదర్శి. బయ్యన్న చెయ్యి లేచింది. అతని చుట్టూ ఉన్న నలుగురివి లేచాయి. మారెక్క చేతులు కొంగులో దాచుకుంది.

"వద్దనేవాళ్లు?"

మారెక్క రెండు చేతులూ ఎత్తేసింది. ఆమె వెనక ఈరప్ప, అతని వెనక ఆవరణంతా ఎత్తింది.

సభ ముగిశాక బయ్యన్న తల వంచుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ సరళ ముందు నుంచే పోతున్నాడు. ఆమె ఉండబట్టలేకపోయింది.

"అన్నా, ఈసారి ఎట్లా మాట్లాడినా?"

బయ్యన్న ఈడుస్తున్న చెప్పులు ఒక్కసారిగా వేగం అందుకున్నాయి.