నాలుకాయన కూతురు

సూపు పొడి తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. గేటు దగ్గరి కాపలావాడి నుంచి మేనేజరు దాకా అందరికీ అతను నాలుకాయనే. తయారైన పొడిని వేడినీళ్ళలో కలిపి అతని ముందు పెడతారు. ఒక చెంచాడు నోట్లో పోసుకుని, నాలుక మీద అటూ ఇటూ దొర్లించి, పక్కనున్న గ్లాసులోకి ఊసేసి, గోరువెచ్చటి నీళ్ళతో పుక్కిలించి, "ఉప్పు చాల్లేదు" అనో "మిరియం ఎక్కువైంది" అనో చెబుతాడు. మింగడానికి వీల్లేదు. పొద్దుటి నుంచీ మింగుతూ పోతే మధ్యాహ్నానికల్లా కడుపు నిండి నాలుక మొద్దుబారిపోతుంది. అతను సరేనంటే గాని ఒక్క ప్యాకెట్టు కూడా గేటు దాటదు.

అంతటివాడికీ ఇంట్లో నాలుగేళ్ళ కూతురి చేత నాలుగు ముద్దలు తినిపించడం చేతకాలేదు.

పిల్ల ముద్దుపేరు పిట్ట. తిండీ అంతే. భార్య ఆసుపత్రిలో నర్సు. మధ్యాహ్నం డ్యూటీకి వెళితే పిల్ల నిద్రపోయాకే ఇంటికి చేరేది. అందుకని సాయంత్రం వంటా, పిల్లకు తినిపించడమూ అతని వంతు. వంతు అని విసుక్కునే రకం కాదు, వంటంటే అతనికి ప్రాణం. గుమ్మడి ముక్కలు పువ్వుల్లా కోసేవాడు. ఉడికించిన బంగాళదుంప మీద బఠాణీలతో కళ్ళూ ముక్కూ పెట్టేవాడు. పిట్ట ఆ మొహాన్ని చూసి నవ్వేది, కాసేపు దాంతో కబుర్లు కూడా చెప్పేది, నోరు మాత్రం తెరిచేది కాదు. ముద్ద దగ్గరికి తెస్తే పెదాలు బిగించేది. చివరికి గ్లాసెడు పాలు తాగి పడుకునేది.

అదే పిల్ల కింది వాటాలో టైలరమ్మ ఇంటికి వెళితే, వాళ్ళ పిల్లల మధ్య కూర్చుని చప్పిడి బీన్సు కూడా నమిలేది. "పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా" అని అతను పైకి నవ్వేవాడు. లోపల మాత్రం మనసు చివుక్కుమనేది. పిల్ల పడుకున్నాక వంటగదిలో ఒక్కడే నిలబడి, ఆ చల్లారిన బంగాళదుంపనే తినేవాడు. దానిలో ఏ లోపమూ అతని నాలుకకు దొరికేది కాదు.

పిల్ల బరువు పెరగడం లేదని డాక్టరు రెండోసారి చెప్పాక, పక్క ఊరి నుంచి అత్తగారు దిగింది. మాట కరుకు, మనసు వెన్న. వచ్చేసరికి మనవరాలు నిద్రపోయింది. అల్లుడు మిగిలిన కూర వేడిచేసి పెడితే తిని, మళ్ళీ వేయించుకుంది.

"వంటకు వంక పెట్టడానికి లేదు బాబూ. మరి ఇదెందుకు తినదు?"

"నా చేతి వంట దానికి పడదేమో అత్తయ్యా."

మర్నాటి నుంచి ఆవిడ వంటగదిని స్వాధీనం చేసుకుంది. వండింది ఒకే పళ్ళెంలో పెట్టుకుని, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, లొట్టలేసుకుంటూ తినేది. మధ్యమధ్యలో మనవరాలికో ముద్ద. పిట్ట మారు మాట్లాడకుండా మింగేది. తండ్రి గుమ్మంలో నిలబడి చూసి ఫ్యాక్టరీకి వెళ్ళిపోయేవాడు.

వారం చివర్లో ఆవిడ కూతురినీ అల్లుడినీ కూర్చోబెట్టి చెప్పేసింది. "బడిలో వేసేదాకా దీన్ని నా దగ్గరే ఉంచుకుంటాను. ఆదివారం బండికి తీసుకెళ్తాను. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. కానీ పిల్ల అలా ఎండిపోతుంటే చూడలేను." తల్లి కళ్ళు తుడుచుకుని సరేనంది. తండ్రి ఏమంటాడు? ఆ ఇంట్లో పిల్ల తిననిది తన వంటేనాయె. కాదనడానికి అతనికి నోరెక్కడిది?

"శనివారం వంట మాత్రం నేను చేస్తానత్తయ్యా" అన్నాడు.

శనివారం భార్య డ్యూటీకి వెళ్ళింది. అత్తగారు గదిలో మంచం మీద పిల్ల గౌన్లు మడతపెట్టి సంచిలో సర్దుతోంది. కూరగాయల బుట్ట తీసుకుని వంటగదికి వెళుతూ అతను ఆ గది ముందు ఆగాడు. మంచం పక్కన నేల మీద పిట్ట ఆడుకుంటోంది. ఎదురుగా చెవి ఊడిన గుడ్డ ఏనుగు. ఒక డబ్బా మూతలో చింపిన కాగితం ముక్కలు. పిట్ట చెంచాతో కాగితం ముక్కను నోటి దాకా తెచ్చుకుంది. కళ్ళు సగం మూసి, బుగ్గలు అటూ ఇటూ కదిలించింది. తల పక్కకు తిప్పి ఖాళీ గ్లాసులోకి "థూ" అంది. లేని నీళ్ళతో పుక్కిలించింది. గౌను అంచుతో పెదాలు తుడుచుకుంది. ఆ తర్వాత ఏనుగు వైపు జాలిగా చూసింది.

"నువ్వు తినొద్దులే. నాన్నకే బాగోలేదు."

అతని చేతిలో బుట్ట చేతిలోనే ఉండిపోయింది. పొయ్యి దగ్గర తను ఏం చేస్తాడో అప్పటిదాకా అతనికే తెలియదు. ఉప్పు చూడటం, సింకులోకి ఊసెయ్యడం, పుక్కిలించడం. మళ్ళీ చెంచా, మళ్ళీ ఊసెయ్యడం. ఏళ్ళ తరబడి చేసిన పని చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రావడానికి వీలవుతుందా? ఇక తను తినేదేమో పిల్ల పడుకున్నాక. తండ్రి ముద్ద మింగగా ఆ పిల్ల ఏనాడూ చూడలేదు. ఫ్యాక్టరీ అంతా నమ్మినట్టే కూతురూ అతని నాలుకను నమ్మింది. నాన్న ఊసేసింది తనెలా తింటుంది?

సిగ్గుతో అతనికి మొహం వేడెక్కింది. ఆ సిగ్గు వెనకే కొండంత ఊరట. పిల్లకు తన మీద అయిష్టం లేదు.

అత్తగారు కూడా విన్నది. మడతపెడుతున్న గౌను ఒళ్ళో పెట్టుకుని అల్లుడి వైపు చూసింది. "వెళ్ళు, పొయ్యి వెలిగించు. ఇవాళ నువ్వు దానితో కూర్చుని తింటున్నావు" అంది మెల్లగా.

ఆ సాయంత్రం అతను వంట చేస్తున్నంతసేపూ చెంచా ముట్టుకోలేదు. చెయ్యి రెండుసార్లు అటు పోతే రెండుసార్లూ వెనక్కి లాక్కున్నాడు. క్యారెట్టూ బంగాళదుంపా ఒకే పళ్ళెంలో పెట్టుకుని పిట్ట పక్కన కూర్చున్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పిట్ట అతని బుగ్గల వైపే చూస్తోంది. అలవాటు కొద్దీ నాలుక ముద్దను దొర్లించింది, మెడ సింకు వైపు తిరగబోయింది. బలవంతాన మింగాడు.

"ఊసెయ్యవా?" అంది పిట్ట.

"లేదమ్మా. మింగేశాను."

"నోరు తెరువు."

తెరిచాడు. పిట్ట మోకాళ్ళ మీద లేచి, అతని గడ్డం పట్టుకుని, నాలుక కిందా బుగ్గల వెనకా వెతికింది. ఏమీ దొరకలేదు. కూర్చుని చాలాసేపు ఆలోచించింది. తర్వాత తనే ఒక క్యారెట్టు ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. ఎదురుగా కూర్చున్న అమ్మమ్మ ముందుకు వంగింది. పిట్ట నమిలి, నమిలి, పళ్ళెం అంచున ఊసేసింది.

అతని ప్రాణం ఉసూరుమంది.

"ఉప్పు లేదు నాన్నా" అంది పిట్ట.

అతను ఉలిక్కిపడి ఇంకో ముద్ద తిన్నాడు. నిజమే. కూతురి మొహం చూసే కంగారులో ఇందాక రుచే తెలియలేదు. వండుతూ చెంచా ముట్టని మొదటి రోజు, ఉప్పు వెయ్యడమే మర్చిపోయాడు.

"ఇల్లు చక్కబడ్డట్టే. నాలుకలు రెండయ్యాయి" అని అత్తగారు లేచి వెళ్ళి ఉప్పు తెచ్చింది. తెచ్చి, గదిలోకి వెళ్ళింది. సంచిలోంచి గౌన్లు తీసి మళ్ళీ అలమారలో పెడుతున్న చప్పుడు వినబడింది.

అతను ఉప్పు చల్లి కలిపి, పళ్ళెం మధ్యలోకి జరిపాడు. పెట్టబోలేదు, బతిమాలలేదు. తను తిన్నాడు. పిట్ట ఒక ముక్క తీసుకుంది. నమిలింది. అతను చూడనట్టే తింటూ కూర్చున్నాడు. కాసేపటికి మోచెయ్యి పట్టి లాగింది. తిరిగి చూస్తే, పిట్ట నోరు బార్లా తెరిచి, నాలుక పైకెత్తి, వేలితో చూపిస్తోంది.

నోరు ఖాళీగా ఉంది.