ముందు బండి

ఒళ్లో కాంగ్రి ఒక్కటి ఉంటే ఈ చలి ఒక లెక్కా, మోకాళ్ల దాకా వేలాడే ఫెరన్ అంగీ లోపల పొట్టకి ఆనించుకుని ఆ నిప్పుల బుట్ట పెట్టుకుంటే ఎంత మంచైనా కురవనీ అనుకోవచ్చు, కానీ వెనకాల ట్యాంకు నిండా కిరసనాయిలు పోసుకుని ఒళ్లో నిప్పు పెట్టుకునే మొనగాడు మా కాశ్మీరులో ఇంకా పుట్టలేదు, జూనా అక్క అదే అని నవ్వేది, నా మొగుడూ నా తమ్ముడూ ఊళ్లవాళ్లందరికీ వెచ్చదనం మోసుకుపోతారు, వాళ్లు మాత్రం పళ్లు కొట్టుకుంటూ పోతారు అని, నవ్వుతూనే మా ఇద్దరి ఫ్లాస్కుల్లో ఉప్పు చాయ్ పోసి, మూతలు గట్టిగా బిగించి, బావ ఫ్లాస్కు మాత్రం ఇంకోసారి బిగించేది, అక్కా నాది బిగించవా అంటే, నీకు పెళ్లాం వచ్చాక బిగిస్తుంది పోరా అనేది, ఆ వంటింట్లో పొయ్యి పక్కన బావ సాక్సులు ఆరుతుండేవి, ఆ వాసన ఇప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో ఈ కాబిన్‌లోకి, వైపర్ అటూ ఇటూ మంచు తోస్తోంది, తోసినంత మేరా మళ్లీ తెలుపే, ముందు ఎర్ర దీపం లేదు.

అదే, ఎర్ర దీపం లేదు, ఇన్ని చలికాలాలు ఈ జోజిలా కనుమ ఎక్కినప్పుడల్లా నా కళ్లముందు బావ ట్యాంకరు వెనకభాగం ఉండేది, దానిమీద రంగులు పోయిన రెండు చిలకలు, ఒక చిలక ముక్కు దగ్గర సొట్ట, కింద ఎర్ర దీపం, ఆ దీపం కుడికి పోతే నేను కుడికి, ఆగితే నేను ఆగి, ఆయన చక్రాల చాళ్లలో నా చక్రాలు పెట్టి, ఈ కనుమ నాకు కొట్టిన పిండి అని సోనమర్గ్ చాయ్ కొట్లో కాళ్లు బారజాపుకుని ఎన్ని కోతలు కోశానో, కొట్టిన పిండి ఏమిటి నా మొహం, నాకు తెలిసింది దారి కాదు, ఆ రెండు చిలకలు.

పొద్దున్న నా వెనక బండి నడిపే బల్కార్ సింగే అన్నాడు, సోనావుల్లా ఉస్తాద్ పోయాడు, ఇక బావమరిదేగా ముందు బండి, నడువు ఖాలిక్ అని, వద్దు సర్దార్ నువ్వు పద అనడానికి నోరు రాలేదు, గొప్పకి పోయి మీసం తిప్పి ఎక్కేశాను, ముందు బండి అంటే మా వాళ్లలో మాటలా, వెనకాల వరసగా వచ్చే ట్యాంకర్లలో ఒక్కడు కూడా లోయకేసి చూడడు, దారి ఎక్కడుందో ఆలోచించడు, ముందు బండి చాళ్లలో చక్రాలు పెట్టుకుని వస్తాడు అంతే, దారి అనుకుని నేను పేరుకున్న మంచు మీద చక్రం పెట్టానంటే నేనొక్కణ్ణే పోను, నా వెనక బల్కార్, వాడి వెనక వాడు, పోనీ ఆగిపోదామా అంటే కనుమ అవతల ద్రాస్‌లో పొయ్యిలు ఆరిపోయి ఉన్నాయి, ఈ మబ్బు ఇంకాస్త దిగితే కనుమ మూసేస్తారు, ఇక ఎన్నాళ్లకి తెరుస్తారో, అక్కడ ముసలీ ముతకా దుప్పట్లు కప్పుకుని మా బండ్ల చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉంటారు, అల్లా, కాస్త ఎండ పడనీ, ఎండలో మెరిసే మంచుని నమ్మరా, మబ్బులో తెల్లగా నవ్వే మంచుని నమ్మకు అనేవాడు బావ, నమ్మకపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు.

చెప్పేవాడు కాదు, ఏదీ చెప్పేవాడు కాదు, చూసి నేర్చుకోవాల్సిందే, చలిలో హ్యాండ్‌బ్రేకు లాగితే మంచుకి పట్టేసి మళ్లీ వదలదు, అందుకే చక్రం కింద రాయి పెట్టేవాడు, కొండ వైపు తలుపు గడియ వేసేవాడు కాదు, ఏమంటే గాలి కోసం అనేవాడు, దూకడానికని నాకు తర్వాత తెలిసింది, ఇక ఆయన ఉచ్చపోతల సంగతి అయితే కనుమకి ఇటూ అటూ ఉన్న చాయ్ కొట్లన్నిటికీ తెలుసు, చెడ్డ మలుపు రాగానే బండి ఆగేది, ఫెరన్ ఎత్తి పట్టుకుని దిగేవాడు, మాకు వీపు పెట్టి అంచు దగ్గర నిలబడేవాడు, నిలబడీ నిలబడీ, అటు రెండడుగులు, ఇటు రెండడుగులు, మేం వెనకాల ఇంజన్లు ఆపకుండా చలికి చస్తూ, బల్కార్ కిటికీలోంచి తల పెట్టి, ఉస్తాద్, ట్యాంకు కారుతున్నట్టుంది, వెల్డింగ్ పెట్టించండి అని అరిచేవాడు, నేనేం తక్కువా, బావా, అంతా ఇక్కడే పారబోయకు, ద్రాస్ వాళ్లకి కాస్త మిగల్చు అని, నవ్వండ్రా నవ్వండి, మీకూ రాకపోతుందా ఈ వయసు అని ఆయన తిరిగొచ్చేవాడు, వస్తూ వస్తూ నా తలుపు మీద కొట్టి, నీ చక్రానికి చుట్టిన మంచు గొలుసు వదులైంది బిగించు అని, నా ఫ్లాస్కులో చాయ్ తాగేసి, తనది మాత్రం మూత తీసేవాడు కాదు, ఎందుకంటే దాన్ని అక్క బిగించింది కదా.

బాదం పూలు విచ్చుకునే రోజుల్లో పోయాడు, ఏ లోయలోనూ కాదు, తన పరుపు మీద, నిద్రలో, పలకరించడానికి వెళ్లి ఆ ఖాళీ దిండు చూడలేక ఏదో ఒకటి అనాలని, ఆ మూత్రం జబ్బుని మొదట్లోనే డాక్టరుకి చూపించాల్సింది అక్కా అన్నాను, అక్క ఏడుపు ఆపి నన్ను వింతగా చూసింది, ఏం జబ్బురా, ఆ మనిషి తల వాలిస్తే తెల్లారి నమాజుకి నేను తట్టి లేపాల్సిందే, నడిమధ్యలో ఒక్కనాడు లేచిన పాపాన పోలేదు అంది, దుఃఖంలో ఏదో అంటోంది పాపం అనుకున్నాను.

మలుపు వచ్చేసింది, దయ్యాల వాగు పైన మలుపు, నేను అనుకోకుండానే కాలు బ్రేకు మీద మెల్లగా ఆనింది, బండి ఆగింది, దిగి చక్రం కింద రాయి పెట్టాను, గాలి మొహం మీద చరిచింది, ఆకాశం ఎక్కడ అయిపోయిందో నేల ఎక్కడ మొదలైందో తెలియడం లేదు, ఫెరన్ ఎత్తి పట్టుకుని అంచుకేసి నడిచాను, ఎందుకు ఎత్తి పట్టుకున్నాను, నాకు రావడం లేదే, అడుగు తీసి అడుగు వేసేటప్పుడు అంచు కనపడాలని ఎత్తి పట్టుకున్నాను, బూటుతో పొడిచి చూస్తున్నాను, మెత్తన, మెత్తన, ఇంకా మెత్తన, ఇటు జరిగితే రాయి, గట్టి రాయి, దారి ఇక్కడిదాకే, అటుపక్క చూడ్డానికి దారిలాగే ఉన్నది ఒట్టి మంచు చూరు, కింద ఏమీ లేదు, రెండడుగులు అటు, రెండడుగులు ఇటు, వాళ్లకి నా మొహం కనపడదు, వీపే కనపడుతుంది, ఓ బావా, ఓ నా బావా, ఇందుకా.

ఓయ్ ఖాలిక్, బావ రోగం బావమరిదికి వాటాగా వచ్చిందేమిట్రా అని బల్కార్ అరిచాడు, వెనక బండిలోంచి ఇంకెవడో, తొందరగా కానివ్వండి చాచా, గడ్డకట్టిపోతుంది అన్నాడు, వరస పొడుగునా నవ్వులు, నాకు ఒళ్లు మండింది, కాదురా వెధవల్లారా, అంచు వెతుకుతున్నాను, ఈ దారి నాకు తెలియదు, నాకు భయంగా ఉంది అని చెప్పడానికి వెనక్కి తిరిగాను, తిరిగి చూస్తే కిటికీల్లో అందరి మొహాలూ, చలికి ఎర్రబడి, పళ్లు బయటపెట్టి, హాయిగా, ఈ మాట చెప్పానంటే ఆ పళ్లు మూతపడతాయి, నా చాళ్లు వదిలి లోయకేసి చూస్తారు, స్టీరింగు బిగబట్టుకుంటారు, బిగుసుకున్న మనిషి కాలు బ్రేకు మీద దబీమని పడుతుంది, మంచు మీద అలా తొక్కిన బండి ఆగిన చరిత్ర లేదు, అది బావకి తెలుసు, ప్రతి మలుపులోనూ భయం అంతా తనొక్కడే తాగి మాకు నవ్వు మిగిల్చాడు, అంత మర్యాదస్థుడు, ఊళ్లో పెద్దమనిషి, ఉచ్చపోతల సోనా అనిపించుకుని కూడా పల్లెత్తు మాట అనకుండా పోయాడు, అక్కతో కూడా చెప్పకుండా, నేను పైజమా బొందు ముడి వేసుకుంటున్నట్టు అందరికీ కనపడేలా చేతులాడిస్తూ, కూర్చోండ్రా, ముసలాడి ట్యాంకు ఖాళీ కావాలంటే టైం పట్టదూ అని గట్టిగా అరిచాను, నవ్వారు, బల్కార్ అయితే హారన్ కొట్టి మరీ నవ్వాడు, నవ్వనీ, వాళ్లు నవ్వుతున్నంతసేపూ నా వెనకే వస్తారు.