అతుకు

నాకు కోపం ఎక్కువని మా వీధిలో అందరికీ తెలుసు. ఆ నెల మాత్రం దాన్నంతా కుట్టుమిషను మీదే చూపించాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

బడి పిల్లల యూనిఫారాలు కుట్టేది నేనే. మా అమ్మాయి పాత యూనిఫారం గౌను పొట్టిదైతే, మిగిలిన ముక్కతో కింద నాలుగు వేళ్ళ అతుకు వేశాను. ఆ ముక్క వేరే తానులోది. ట్యూబులైటు కింద రెండు నీలాలూ ఒకటే అనిపించాయి. ఎండలో పెట్టి చూసుకోవాలని నిన్నగాక మొన్న పని నేర్చినవాళ్ళకు కూడా తెలుసు. నేను చూడలేదు. బడి మైదానంలో తరగతి మొత్తం చూసింది.

అంతే, మా అమ్మాయి పేరు 'అతుకు' అయిపోయింది. పొడుగు జడ పిల్ల ఒకతి "ఊడుతుందేమో చూద్దాం" అని గౌను పట్టుకు లాగేది, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను రాత్రికి రాత్రే కొత్త గౌను కుట్టాను. పేరు మాత్రం ఊడలేదు.

అప్పుడు బొత్తాలు కుడుతూ దానికి కథ చెప్పడం మొదలుపెట్టాను. అడవిలో ఒక పిల్ల, దాని గౌనుకో అతుకు. తోడేళ్ళు వచ్చి లాగితే ఆ అతుకు రెక్కలా విచ్చుకుని పిల్లను చెట్టెక్కిస్తుంది. చివరికి తోడేళ్ళే సిగ్గుపడతాయి. ఒకరోజు బళ్ళో పిల్లలు లాగుతుంటే కళ్ళు మూసుకుని కథలోలా చెట్టెక్కేశానని మా అమ్మాయి చెప్పింది. నేను మురిసిపోయాను. ఏం తల్లినో!

ఓ సాయంత్రం అది అడిగింది. "అమ్మా, ఆ పిల్లకి అమ్మ లేదా?"

"ఎందుకుండదూ, ఉంది."

"మరి తోడేళ్ళొచ్చినప్పుడు ఏం చేస్తుంటుంది?"

"ఇంట్లో... కుట్టుకుంటూ ఉంటుందే."

"ఓహో" అంది. దెప్పినట్టు కూడా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది, నా మీదే.

మర్నాడు మెడలో టేపు తియ్యకుండానే బడికి వెళ్ళాను. తరగతి గుమ్మంలో నన్ను చూసి టీచరు లోపలికి తిరిగి, "అతుకూ, మీ అమ్మొచ్చిందే!" అని కేకేసింది. తరగతి గొల్లుమంది.

"ఏమని పిలిచారు?"

"ఏదో ముద్దుగా అంటామండీ. పిల్లలన్నాక..."

"ఎవరికండీ ముద్దు?" అని అరిచాను. మూడు గదుల అవతలికి వినపడేలా అరిచాను. తర్వాత పిల్లల వైపు తిరిగాను. "మీ బట్టలన్నీ కుట్టింది నేనే. ఎవరికి గుడ్డ చాలక లోపల ఎక్కడ ముక్క వేశానో నాకు తెలుసు. ఈ గదిలో అతుకు లేని బట్టే లేదు. పేర్లు చెప్పను. ఎవరిది వాళ్ళే చూసుకోండి."

తలలన్నీ కిందికి వంగాయి. పొడుగు జడ నడుము పట్టీ మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. దాని సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. అదీ పిల్లే కదా అని మింగేశాను. టీచరు మోచేతులు ఒంటికి దగ్గరగా లాక్కుంది. ఆవిడ జాకెట్లకు చంకల్లో ముక్కలు వేసేదీ నేనే.

"ఇకమీద దాన్ని పేరుపెట్టి పిలవండి. రేపొస్తాను, ఎల్లుండీ వస్తాను. ఇక్కడే నిలబడి వింటాను" అని చెప్పి వచ్చేశాను.

ఆ సాయంత్రం కథ మా అమ్మాయే చెప్పింది. "తోడేళ్ళు చుట్టూ చేరాయి. అప్పుడు వాళ్ళమ్మ కత్తెర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది."

"నేను కత్తెర తేలేదు కదే?" అని నవ్వాను.

అది నవ్వలేదు.

"నువ్వు నెల తర్వాత కదా వచ్చావు" అంది. "కథలో అమ్మ మొదటిరోజే వస్తుంది."