నిండు పూతలో ఖాళీ రోజులు

కరుణశ్రీ నోటుపుస్తకంలో ప్రయాణం అప్పటికే అయిదో పేజీకి చేరింది. తిరువూరు నుంచి హైదరాబాదు, షోలాపూరు, ఆపైన మహాబలేశ్వరం కొండలు, పూణే, చివరికి నాసిక్ ద్రాక్షతోటలు. కారులో రానూపోనూ తొమ్మిది రోజులు. ఎక్కడ ఆగితే లోయ బాగా కనిపిస్తుందో, ఏ పెట్రోలు బంకులో ఆడవాళ్ళ బాత్రూము శుభ్రంగా ఉంటుందో కూడా కనుక్కుని రాసుకుంది.

డిగ్రీలో వృక్షశాస్త్రం రికార్డులో ఆమె ద్రాక్షతీగ బొమ్మ వేస్తే లెక్చరరుగారు మెచ్చుకున్నారు. తీగను చూసి వేసింది కాదది, పాఠ్యపుస్తకంలో బొమ్మను చూసి వేసింది. పాతికేళ్ళయినా ఆ మెప్పు తనది కాదనే అనిపిస్తుంది. ద్రాక్షంటే ఆమెకు తెలిసింది బస్టాండు దగ్గర తోపుడుబండి మీది గుత్తులే. వైన్ కోసం పండించే ద్రాక్ష చిన్నదిగా, తొక్క మందంగా ఉంటుందని చదివింది. కొరికితే ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ సరిగ్గా రాయలేదు. కొండవాలున తీగకు వేలాడే గుత్తిని ఒక్కసారి చేత్తో పట్టుకు చూడాలి.

నవంబరులో ఒక ఉదయం, సొంత కారు అద్దెకు తిప్పుకునే అమీర్ వచ్చి వరండాలో కూర్చుని ఆ పేజీలన్నీ చూశాడు. తేదీ దగ్గర ఆగాడు.

"జులైలోనా అక్కా? పోయినేడు జులైలోనే ఒక పార్టీని తీసుకెళ్ళా. తోటంతా ఆకులే, కాయన్నది లేదు. కొండల మీదైతే మబ్బు దిగిపోయి ముందు బండి లైట్లు తప్ప ఏం కనపళ్ళా. పండు చూడాలంటే జనవరీ ఫిబ్రవరీల్లో వెళ్ళాలి."

కరుణశ్రీ మొహం వెలవెలబోయింది. విస్సన్నపేట దారిలో పదెకరాల మామిడితోట ఉన్న ఇల్లది. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ పెళ్ళిళ్ళయినా, యాత్రలైనా, పంటి డాక్టరు దగ్గరికైనా, అన్నీ 'కాయ అయిపోయాకే'. బాత్రూముల సంగతి కూడా ఆరా తీసిన మనిషికి, ద్రాక్ష ఎప్పుడు పండుతుందో అడగాలని తోచలేదు. పళ్ళన్నీ మామిడితోనే అయిపోతాయన్నట్టు జులై అని రాసేసింది.

జనవరి అంటే మామిడి పూత. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ భర్త కిరీటితో మాట కదిపింది.

"పూత మీద తోటనొదిలి ఎవడైనా ఊళ్ళు తిరుగుతాడా? పెనుగొలను దాకా నవ్వుకుంటారు. ద్రాక్షపళ్ళే కదా, సాయంత్రం రెండు కేజీలు తెస్తాలే," అన్నాడతను.

"బండి మీది పళ్ళకి కొండలు కూడా తెస్తారా?"

"పప్పు వెయ్యి."

పప్పు వేసింది కానీ ఊరుకోలేదు. వంటింటి తలుపు వెనక మేకుకు పాత క్యాలెండర్లున్నాయి. మందు పిచికారీ ఉన్న రోజున కూలీలకు వంట ఆమెదే కనుక, ఆ తేదీల చుట్టూ సున్నా చుట్టడం అలవాటు. మూడేళ్ళవీ నేల మీద పరిచి చూసింది. పూమొగ్గ వేసినప్పుడు సున్నాలున్నాయి. పిందె కట్టాక మళ్ళీ ఉన్నాయి. మధ్యలో ఒక ఏడు పదమూడు రోజులు, ఒక ఏడు పన్నెండు, పోయినేడు పద్నాలుగు, ఒక్క సున్నా కూడా లేదు.

సాయంత్రం ఆ మూడూ తెచ్చి భర్త ముందు పెట్టింది. "నిండు పూతలో పిచికారీ చెయ్యరు కదండీ?"

"ఎలా చేస్తాం? తేనెటీగలు చచ్చిపోతే పిందెలెక్కణ్ణుంచొస్తాయి?"

"మరి ఆ పన్నెండు రోజులూ మీరు తోటలో చేసే పనేంటి?"

"చూసుకోవద్దూ?" అన్నాడు కిరీటి.

"చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతారు. నేను క్యారేజీ తెచ్చినప్పుడల్లా చూస్తున్నా."

"మంచు పడితే?"

"పడే మంచుకి మీరేమైనా గొడుగు పడతారా?"

అతను నవ్వలేదు. క్యాలెండర్లు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు తిరగేశాడు. మర్నాడు ఆమె నోటుపుస్తకం తెరిస్తే, నాసిక్ పేజీలో కింద అతని వంకర అక్షరాలు కనిపించాయి: 'ద్రాక్షకి బూడిద తెగులు వస్తే వాళ్ళేం కొడతారో అడగాలి.'

కరుణశ్రీ జులై తేదీ కొట్టేసి, 'నిండు పూత మొదలైన మర్నాడు' అని రాసింది. అది చూసి అమీర్ తల పట్టుకున్నాడు.

"ఇదేం తేదీ అక్కా! నా బండి ఎప్పుడు ఖాళీ పెట్టుకోను?"

"మీ బావగారు చెప్తారు. రోజూ చెట్ల కిందే ఉంటారుగా."

జనవరి నాలుగోవారంలో ఒక పొద్దున ఆమె దోసెలు పోస్తుంటే ఫోను మోగింది. తోటలోంచి కిరీటి. వెనకాల ఏదో సన్నగా జుమ్మని మోత.

"తేనెటీగలు దిగాయే. వినపడుతోందా? అమీర్‌కి ఫోన్ చెయ్యి," అన్నాడు. మళ్ళీ తనే, "అక్కడ చలి ఎక్కువంటావా? నా స్వెట్టరెక్కడుంది?" అని అడిగాడు.

ఆమె పొయ్యి ఆపి, నోటుపుస్తకం మూడో పేజీ తీసింది. స్వెట్టరు సంగతి అక్కడ రాసే ఉంది.