తిరిగేవాళ్ళు, కూర్చునేవాళ్ళు

రాజకుమారికి సెలవంటే తిరగడం. పొద్దున్నే తలంటుకుని, మంచి చీర కట్టుకుని బండెక్కాలి. చూడని గుడి చూడాలి, తెలియని బజారులో బేరమాడాలి. ఆమె మొగుడు తిరుమలరావుకి సెలవంటే కుర్చీ. ఆమదాలవలసలో వాళ్ళకి చిన్న బియ్యం మిల్లు ఉంది. ధాన్యం రోజులంతా ఆ మోతలో నిలబడి, వేసవిలో మిల్లు ఆగగానే అరుగు మీద కుర్చీ వేసుకుని కూలబడతాడు. ఒకప్పుడు సణుక్కుంటూనైనా పెళ్ళాం వెంట వెళ్ళేవాడు. ఈ మధ్య అదీ మానేశాడు.

ఆ ఏడు మే నెలలో రాజకుమారి పిన్ని కూతురు సుహాసిని ఫోన్ చేసింది. "అక్కా, మా ఆయన ఫ్రెండు ఇల్లు బారువలో ఖాళీగా ఉన్నాదట. సముద్రం పక్కనే. మీరూ వచ్చీండి, కొన్నాళ్ళు కలిసుందాం."

సుహాసిని మొగుడు మోహనకృష్ణ నెల్లిమర్లలో బడిపంతులు. కారు కొన్న దగ్గర్నుంచి ఆయనకి ఇంట్లో కాలు నిలవదు. తల్లి జగ్గమ్మ ముందు సీటులో కూర్చుంటే చాలు, ఎక్కడికైనా బయల్దేరతాడు. రాజకుమారి ఎగిరి గంతేసింది. సముద్రం ఒడ్డున ప్రశాంతంగా కూర్చోవచ్చని తిరుమలరావూ సరేనన్నాడు.

బారువ చేరిన మర్నాడే మోహనకృష్ణ హారన్ కొట్టాడు. "వదినా, బరంపురం వెళ్దామా? పట్టుచీరలు చూద్దురుగాని."

రాజకుమారి అప్పటికే తయారై ఉంది. సుహాసిని మాత్రం గుమ్మం దిగలేదు. "నాకు కారెక్కితే కడుపులో తిప్పుతాది. నానుండిపోతాను," అంది. తిరుమలరావు ఎలాగూ కదలడు. తిరిగేవాళ్ళు తిరగడానికి వెళ్ళారు, కూర్చునేవాళ్ళు ఉండిపోయారు.

సాయంత్రం తిరిగొచ్చి కారు దిగుతుండగా రాజకుమారికి లోపల్నుంచి మొగుడి నవ్వు వినిపించింది. పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. ఆ నవ్వు తను విని ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తు రాలేదు. వరండాలో ఇద్దరి మధ్యా తాటిముంజెల తొక్కలు కుప్పగా ఉన్నాయి. సుహాసిని కళ్ళు తుడుచుకుంటోంది.

"అక్కా, బావ చిన్నప్పుడు పందెం కాసి వరదలో నాగావళి ఈదీసినాడట. అవతలి గట్టున పంచె లేకుండా తేలినాడట! నీకు తెల్సా?"

"ఎందుకు తెలీదు?" అంది రాజకుమారి. ఆమెకి తెలీదు.

కొన్న చీర విప్పి చూపిస్తే తిరుమలరావు "బాగున్నాది" అని ఊరుకున్నాడు. బావామరదళ్ళు నవ్వుకుంటే తప్పు పట్టడానికేముంది? తప్పు పట్టడానికి లేకపోవడమే ఆమెకి మరింత మంటగా ఉంది.

మర్నాడు మందస గుడికి వెళ్ళారు. మామూలుగా అయితే రాజకుమారి ప్రతి రాతి బొమ్మ దగ్గరా ఆగి, పూజారిని ప్రశ్నలతో విసిగించేది. ఆ రోజు దేవుడి ముందు నిలబడినా ఆమె కళ్ళకి ఆ వరండాయే కనబడుతోంది.

ప్రసాదం తింటూ జగ్గమ్మ అంది: "మా కోడలు ఇంట్లో మూగదే. మీ ఆయనా అంతే గదా? ఇద్దరికీ కలిపి అన్ని మాటలు ఎక్కణ్ణుంచొస్తన్నాయో సూడమ్మా!"

ముసలావిడ మనసులో ఏమీ పెట్టుకోకుండానే అంది. రాజకుమారికి మాత్రం చేతిలో పులిహోర చేదెక్కింది. తలనొప్పి అని చెప్పి మధ్యాహ్నానికే అందర్నీ వెనక్కి తిప్పించింది.

వరండాలో ఎవరూ లేరు. ఇంటి వెనక కొబ్బరిచెట్ల నీడలో రెండు కుర్చీలు ఆనుకుని ఉన్నాయి. సుహాసిని ముందుకు వంగి, తిరుమలరావు చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెబుతోంది. అతను తలూపుతూ వింటున్నాడు.

సుహాసిని అక్కని చూసి, నవ్వుతూ లేచి తన కుర్చీ ఇచ్చింది. రాజకుమారి దాన్ని దూరంగా జరుపుకుని కూర్చుని గుడి గురించి గబగబా చెప్పింది. తిరుమలరావు సముద్రం వైపు చూస్తూ ఊఁ కొట్టాడు. కాసేపటికి అదీ ఆగిపోయింది.

దీపాలు పెట్టే వేళ, గదిలో ఇద్దరే ఉన్నప్పుడు ఆమె ఆపుకోలేకపోయింది. "దాంతో అయితే కథలు. నాతో అయితే ఊఁ."

"ఏటంతన్నావు?"

"ఇనబడనట్టు నటించకు!"

తిరుమలరావు మంచం మీద కూర్చున్నాడు. "నటన కాదే. ఎడమ చెవి పోయింది. మిల్లు మోతకి. కుడిది కూడా తగ్గతన్నాది."

అతనే మళ్ళీ అందుకున్నాడు.

"కారులో, హోటల్లో, గుళ్ళో ఎవరేటన్నా గోలలో కలిసిపోతాది. మీరు నవ్వితే నానూ నవ్వాల. ఎందుకో తెలీకండా నవ్వడం సిగ్గుగుంటాది. అందుకే రావట్లేదు."

"నాకెందుకు సెప్పలేదు?"

"ఎప్పుడు సెప్పీది? వంటింట్లోంచి ఓ మాట, పెరట్లోంచి ఓ మాట. నువ్వు కూకుంటే గదా."

"మరి దానికి సెప్పినావా?"

"సెప్పలేదు. అదే కనిపెట్టీసింది. ముందు ఎడంపక్క కూకుంది. రెండు మాటలయ్యాక లేసి, ఏటీ అడక్కండా కుర్చీ కుడిపక్కకేసుకుంది."

జాలి రావలసిన చోట రాజకుమారికి ముందు మంటే వచ్చింది. ఇన్నేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటున్న తను చూడనిది, నిన్నగాక మొన్న వచ్చిన చెల్లెలు ఒక్క పూటలో చూసింది. చెల్లెలు ఇంకేదైనా తప్పు చేసి ఉంటే జుట్టు పట్టుకుని అడిగేది. దీనికి ఏమని అడుగుతుంది?

పొద్దున్న హారన్ మోగగానే ఆమె వంటింట్లోంచి బయటికొచ్చింది. "సుహాసినీ, ఈ రోజు నువ్వెళ్ళు."

"నాకు కారు పడదు గదక్కా."

"నిమ్మకాయ వాసన సూస్కుంటూ కూకో. ఏటీ అవదు."

సుహాసిని అక్క మొహంలోకి కాసేపు చూసింది. జడ ముడేసుకుని వెళ్ళి కారెక్కింది.

రాజకుమారి కుర్చీ లాక్కుని మొగుడి కుడిపక్కన కూర్చుంది. అలలు వస్తున్నాయి, పోతున్నాయి. చూడ్డానికి అంతకంటే ఏమీ లేదు. ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. లేచి గిన్నెలు తోముకుందామనిపించింది. లేవలేదు.

చివరికి అతని వైపు వంగి అడిగింది. "నాగావళి ఈదినావంట గదా, ఎలాగ?"

తిరుమలరావు ఆశ్చర్యపోయి, తర్వాత మొదలుపెట్టాడు. వరద, పందెం, పంచె. ఆ కథ వినే రెండో మనిషి తనేనన్న సంగతి ఆమెకి ముల్లులా గుచ్చుతూనే ఉంది. అయినా పంచె పోయిన చోట నవ్వు ఆగలేదు. ఆ తర్వాత అతను చెవి డాక్టరంటే ఉన్న భయం చెప్పాడు. చెవికి మిషను పెడితే మిల్లు కూలీలు నవ్వుతారని చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డం రాలేదు.

సాయంత్రం కారు దిగిన సుహాసిని నిలబడలేకపోయింది. పలాస దారిలో వాంతులైనాయట. మొహంలో రక్తం చుక్క లేదు. రాజకుమారి పరిగెత్తి ఆమె భుజాలు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. మజ్జిగలో ఉప్పేసి తాగించి, తల దగ్గర కూర్చుంది.

"నన్నెందుకు పంపినావో నాకు తెల్సులే అక్కా," అంది సుహాసిని కళ్ళు మూసుకునే.

రాజకుమారికి తల కొట్టేసినట్టయింది. "నా బుద్ధి గడ్డి తిన్నాదే."

"అదేం కాదు. మా ఇంట్లో అందరికీ రెండు సెవులూ బాగున్నాయి. నా మాట ఇన్నోడు లేడు. బావ కష్టపడి ఇన్నాడు. అంతే."

రాజకుమారి ఆమె నుదురు తడిగుడ్డతో తుడిచింది.

ఆఖరి రోజు ఎవరూ ఎక్కడికీ వెళ్ళొద్దని తనే చెప్పి కొబ్బరిచెట్ల కింద కుర్చీలు వేయించింది. మొగుడి కుడిపక్క మాత్రం ఎవరికీ ఇవ్వలేకపోయింది. సుహాసిని కుర్చీని అతనికి ఎదురుగా, పెదాలు కనబడేటట్టు దగ్గరగా వేసింది. మోహనకృష్ణ కాసేపు అటూ ఇటూ కదిలి, ఇక కూర్చోలేక తల్లిని ఎక్కించుకుని సోంపేట వైపు బయల్దేరాడు. కారు మలుపు తిరిగేదాకా రాజకుమారి దాన్నే చూస్తూ ఉంది.